అల్బసేయాను ఎగ్జిక్యూటర్ అనొచ్చా?

స్పెయిన్ వీలునామాలో 'అల్బసేయా' అన్న మాట వస్తే నిఘంటువు వెంటనే 'ఎగ్జిక్యూటర్' అని అందిస్తుంది. అంతటితో ఊరుకుంటే, ఇంగ్లండులో ఆ కాగితం చదివే కుటుంబం అప్పుల సంగతి ఆయనే చూసుకుంటాడని ధీమాగా ఉంటుంది.

ఇంగ్లిష్ పద్ధతిలో చనిపోయినవారి ఆస్తి ముందు ఎగ్జిక్యూటర్ చేతికి వస్తుంది. బాకీలు తీర్చి, మిగిలింది పంచడం ఆయన పని. అప్పు ఆస్తిని మించితే అప్పిచ్చినవాళ్లు నష్టపోతారు తప్ప వారసుల సొంత సొమ్ము జోలికి రారు. స్పెయిన్‌లో అల్బసేయాను పెట్టినా, వీలునామాలో ప్రత్యేకంగా అధికారాలు రాయకపోతే ఆయన చేసేది తక్కువ: అంత్యక్రియలు, డబ్బుగా రాసిచ్చిన కానుకల చెల్లింపు, వీలునామా అమలుపై ఓ కన్ను. 1889 నాటి సివిల్ కోడ్ ప్రకారం పోయినవారి స్థానంలో నిలబడేది వారసుడే, ఆస్తికీ అప్పుకూ. షరతుల్లేకుండా వారసత్వం ఒప్పుకుంటే తన ఇల్లు అమ్మైనా ఆ బాకీ తీర్చాలి. ఆస్తి జాబితా మేరకే ఒప్పుకునే దారి కూడా ఉంది; అప్పుడు బాధ్యత వచ్చిన ఆస్తిని దాటదు. అందుకే అల్బసేయా, ఎగ్జిక్యూటర్ అన్న ఈ రెండు మాటల దగ్గర నేను ఒక్క మాటతో సరిపెట్టను. పేజీ కింద రెండు వాక్యాలైనా వివరంగా రాస్తాను. అనువాదకులు వ్యాఖ్యానించకూడదనేవారితో ఈ ఒక్క చోట గట్టిగా వాదిస్తాను.

'మెహోరా' సంగతి వేరు. మన దగ్గర హిందువులు స్వార్జితాన్ని వీలునామాతో ఎవరికైనా రాసివ్వొచ్చు. స్పెయిన్ కోడ్ ఒప్పుకోదు. పిల్లలుంటే మూడింట రెండు వంతులు వాళ్లవైపే వెళ్లాలి. అందులో ఒక వంతు అందరికీ సమానం. రెండోది పిల్లల్లోనో మనవల్లోనో తమకు నచ్చినవారికి ఎక్కువ ఇచ్చుకోవడానికి. అదే మెహోరా. 'ఇంప్రూవ్‌మెంట్' అని రాస్తే ఇంటి మరమ్మతు అనుకుంటారు. స్పానిష్ మాటనే ఉంచి పక్కన అర్థం చెప్పడం నా పద్ధతి.

కాటలోనియాలో లెక్క మళ్లీ మారుతుంది. అక్కడ పిల్లల వాటా నాలుగో వంతే. నవార్రాలో అది పేరుకు మాత్రమే. పోయినవారు ఏ ప్రాంతపు చట్టం కిందికి వస్తారో తేలేదాకా 'లెహితిమా' (పిల్లలకు తప్పక దక్కాల్సిన వాటా) అన్న మాటను నేను ముట్టుకోను.

2015 ఆగస్టు 17 నుంచి అమలైన యూరోపియన్ యూనియన్ నిబంధన వల్ల స్పెయిన్‌లో స్థిరపడ్డ విదేశీయులు వీలునామాలో తమ దేశపు చట్టాన్నే ఎంచుకోవచ్చు. అప్పుడు పని తిరగబడుతుంది. ఇంగ్లిష్ ఎగ్జిక్యూటర్ ఎవరో స్పెయిన్ నోటరీకి విడమరిచి చెప్పాలి. 'అల్బసేయా' అని రాసి వదిలేస్తే, ఆస్తి మొత్తం చేతికి రావలసిన మనిషి అంత్యక్రియలు చూసుకునేవాడిగా మిగులుతాడు.