విష్ణుచిత్తుని విస్తరి - నేటి శ్రీవిల్లిపుత్తూరు యాత్ర

ఆంధ్రులకు శ్రీవిల్లిపుత్తూరు రెండు త్రోవల పరిచితమైన ఊరు. మొదటిది పయనమై పోయి వటపత్రశాయిని, గోదాదేవిని సేవించివచ్చు త్రోవ. రెండవది శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదను చేతబట్టి, ఇల్లు కదలకయే ఆ పురవీథుల సంచరించు త్రోవ. మొదటి త్రోవలో నేడు సమ్మర్దము మెండు. రెండవ త్రోవలో నడచువారు అరుదు. మొదటి త్రోవవారికి రెండవ త్రోవ నేర్పదగిన మర్యాద యొకటి కలదనియు, ఆ మర్యాదకును ఒక హద్దు కలదనియు చూపుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

యాత్రలవలన ప్రకృతికి కలుగు హానినిగూర్చి లోకమంతట చర్చ సాగుచున్నది. భావితరముల అవసరములకు భంగము కలిగింపక నేటి అవసరములు తీర్చుకొనవలెనని 1987లో బ్రంట్లండ్ సంఘము తన నివేదికలో చెప్పెను. ఐక్యరాజ్యసమితి 2017వ సంవత్సరమును సుస్థిర పర్యాటక వత్సరముగా ప్రకటించెను. మాట బరువైనదైనను భావము తేలికగా తెలియునదే. వచ్చినవాడు వెడలిపోయిన పిమ్మట ఆ ఊరు, ఆ నీరు, ఆ అడవి, అచ్చటివారి బ్రతుకు వాడు రాకముందటికంటె చెడియుండరాదు. ఇది పరదేశపు మాట యని కొందఱు త్రోసిపుచ్చుదురు. మన పూర్వులకు ఇదియంతయు తెలియునని మఱికొందఱు తృప్తిపడుదురు. ఈ రెండభిప్రాయములను ఆముక్తమాల్యద యను గీటుఱాతిమీద పరీక్షింపవచ్చును.

ఆ కావ్యము పుట్టుకయే యాత్రలో నున్నది. కళింగ దండయాత్ర సందర్భమున రాయలు కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున విడిసి, ఆంధ్రవిష్ణువును సేవించి, ఆ స్వామి స్వప్నమున ఆనతి యీయగా గోదా పరిణయమును తెనుగున రచింప పూనెను. ఆఱాశ్వాసముల ఆ ప్రబంధమున ప్రథమాశ్వాసమందే విల్లిపుత్తూరు వర్ణనము కలదు. అందొక ప్రసిద్ధ పద్యము. వేకువను మడికాలువలలో బాతులు తలలు ఱెక్కలలో దూర్చి నిద్రించుచుండును. కావలివాండ్రు వానిని జూచి, స్నానము చేసిపోయిన బ్రాహ్మణులు మఱచిన తడిబట్టల ముద్దలని భ్రమించి, తీసి యిచ్చుటకై దిగుదురు. బాతులు మేలుకొని లేచిపోవును. పైరు కాచు పడతులు నవ్వుదురు.

ఆలంకారికులు ఇది భ్రాంతిమంతమునకు ఉదాహరణమని చెప్పి ముందునకు సాగిపోదురు. ఆ భ్రాంతి కలుగుటకు ఏమేమి ఉండవలెనో ఆలోచించువారు తక్కువ. తెల్లవాఱునప్పటికి కాలువలో నీరుండవలెను. ఊరి చెంతనే పక్షి భయములేక నిద్రింపవలెను. స్నానము చేసినవారు నీటిని చెఱుపక వెడలియుండవలెను. పరుల వస్తువు కనబడినచో తిరిగి యిచ్చు కావలివాడుండవలెను. వీనిలో ఒక్కటి లోపించినను పద్యము లేదు. కాబట్టి ఆ చమత్కారమునకు ఆధారము రాయల ఊహ మాత్రమే కాదు, ఆరోగ్యముగా నున్న ఒక ఊరు.

ఇక ఆ ఊరికి వచ్చువారి మాట. విష్ణుచిత్తుడు పరదేశ వైష్ణవులకు ఋతువు ననుసరించి భోజనము పెట్టిన తీరును రాయలు మూడు పద్యములలో చెప్పెను. ఆకాశము జడిపట్టిన నాళ్ళలో ఆయన యిల్లాలు పొగ కన్నుల సోకకుండ కొబ్బరి చిప్పలు రగిల్చి వండును. అప్పుడు కలమాన్నము, ఒలిచిన పప్పు, నాలుగైదు కూరలు, వడియములు, వరుగులు, పెరుగు, నేయి. వేసవిలో గోరువెచ్చని యన్నము, తియ్యని చారు, పలుచని అంబలి, చెఱకుపాలు, ఎడనీళ్ళు, నీరుచల్ల. చలికాలమున క్రొత్తబియ్యపు అన్నము, మిరియపుపొడి చల్లిన వేడికూరలు, ముక్కునకెక్కు ఆవపచ్చళ్ళు, ఊరుగాయలు, కాగిన నేయి, పాలు.

ఈ పద్యములను పాకశాస్త్రమునకు సాక్ష్యములుగా మెచ్చుకొనుట పరిపాటి. అంతకుమించిన విషయము వీనియందు కలదు. అతిథి కోరినది కాక, ఆ ఋతువు ఇచ్చినదే విస్తరిలో పడుచున్నది. వానకాలమున వరుగులు, వడియములు వచ్చుటకు కారణము, అవి ఎండకాలమున ఎండబెట్టి దాచుకొన్నవగుట. అనగా వచ్చువారి ఆకలిని కొన్ని నెలల ముందుగనే లెక్కించిన గృహమది. వంటచెఱకు తడిసినప్పుడు అడవిమీద పడక, ఇంట మిగిలిన కొబ్బరి చిప్పతో పొయ్యి వెలిగినది. అన్నిటికంటె ముఖ్యమైనది ఇల్లాలి కన్నులకు పొగ సోకరాదను ఎఱుక. యాత్రికుని పుణ్యమునకై ఆతిథ్యమిచ్చువారు కన్నీరు పెట్టరాదని కవి గ్రహించినాడు. నేటి పర్యాటక ప్రణాళికలు పెక్కింటిలో లేని వాక్యమిది.

ఇంకను, నడిరేయి విష్ణుచిత్తుని యింట వినవచ్చు మాటలను రాయలు పేర్కొనెను. ఒకవైపు ద్రావిడవేద పారాయణము. మఱియొకవైపు, కూరలు పెక్కు లేవు, వేడి చాలదు, పిండివంటలు లేవు, సైరించి భుజింపుడను వేడుకోలు. ఇది వట్టి వినయము కాదు. గృహస్థుడు తన శక్తికి హద్దు చెప్పుచున్నాడు. ఆ హద్దును మన్నించుట అతిథికి ధర్మమగుచున్నది. ఇంత యున్నది, ఇంతకు మించి లేదని చెప్పగలిగిన ఊరే అతిథులను చిరకాలము ఆదరింపగలదు.

అతిథి శబ్దమునకు తిథి నియమము లేక వచ్చువాడని పెద్దలు అర్థము చెప్పుదురు. వారు నేడొకరు, ఎల్లుండి నలుగురుగా వచ్చుటచేతనే విష్ణుచిత్తుని పొయ్యి ఆఱలేదు, గాదె వట్టిపోలేదు. నేటి యాత్ర దీనికి తలక్రిందు. అందఱును ఒక్క తిథినే వత్తురు. శ్రీవిల్లిపుత్తూరునకు ఉత్తరమున, వత్రాయిరుప్పు దాటి తాణిపాఱైనుండి ఎక్కవలసిన చతురగిరి ఇందుకు దృష్టాంతము. అది సుందర మహాలింగస్వామి వెలసిన శైవక్షేత్రము. అమావాస్యకు, పున్నమికి, అందును ఆషాఢ అమావాస్యకు అచ్చట జనము పోటెత్తును. 2015 మే నెలలో కొండవాగు హఠాత్తుగా పొంగగా యాత్రికులు కొందఱు ప్రాణములు కోల్పోయిరి. అటుపిమ్మట చాలకాలము అమావాస్య, పున్నమి పరిసర దినములకే కొండనెక్కుటకు అనుమతి పరిమితమైనది. ఆ నియమము యాత్రికుని ప్రాణమును కాపాడుటకు ఉపకరించినను, అడవిపై పడు బరువును కొన్ని దినములకే కుదించుట అను చిక్కు దానియందు లేకపోలేదు. వాగునకు తిథి తెలియదు. దానికి తెలిసినది ఋతువు.

ఆ కొండలు సామాన్యమైనవి కావు. 1988లో శ్రీవిల్లిపుత్తూరు అడవిని బూడిదరంగు పెద్ద ఉడుతకు అభయారణ్యముగా ప్రకటించిరి; విస్తీర్ణము సుమారు 485 చదరపు కిలోమీటర్లు. 2012లో యునెస్కో పడమటి కనుమలలో 39 స్థలములను ప్రపంచ వారసత్వముగా గుర్తింపగా, వానిలో ఈ అడవియు ఒకటి. 2021లో మేఘమలైతో కలిపి వేయి చదరపు కిలోమీటర్లకు పైబడిన పులుల అభయారణ్యమైనది. వైగై నదికి నీరిచ్చు కొండలు ఇందున్నవి. ఆ ఉడుత నేలకు దిగుట అరుదు. కొమ్మనుండి కొమ్మకు దుముకుచు చెట్లమీదనే బ్రతుకును. కొమ్మల వరుస తెగినచో దానికి దారి తెగినట్లే. మనకు బాట వెడల్పగుట దానికి బాట మూసికొనుట. యాత్రికుడు పాఱవైచిన తినుబండారపు సంచి కోతిని, లేడిని పాడుచేయును. ఆఱ్పక విడిచిన పొయ్యి ఎండకాలమున కొండనే కాల్చును. తమిళనాడున 2019 జనవరి 1 నుండి ఒక్కమాఱు వాడి పాఱవేయు ప్లాస్టిక్ వస్తువులు నిషేధింపబడినవి. చలివేంద్రమున దోసిలిపట్టి నీరు త్రాగిన జాతికి ఈ నిషేధము క్రొత్తగా తోచుటయే వింత.

ఇచ్చట ఒక ఆక్షేపము రాగలదు. యాత్రికులు రానిచో ఊరెట్లు బ్రతుకును? పూలమ్మువారు, సత్రములవారు, బండ్లవారు, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన పాలకోవను కాచువారు అందఱును వచ్చువారిమీద ఆధారపడినవారే గదా. ఆక్షేపము న్యాయమైనది. కాని విష్ణుచిత్తుడు అతిథులను రావలదనలేదు. ఇంతమాత్రమే ఉన్నదని చెప్పెను. పరిమితికిని నిషేధమునకును భేదము కలదు. అట్లే పరిమితి పేర పేదభక్తుని కొండక్రింద ఆపి, ధనికుని విడిదింటికి అడవి అంచున చోటిచ్చుటయు మర్యాద కాదు. హద్దు అందఱకు ఒకటే కావలెను.

అయితే ఆముక్తమాల్యద సర్వమును నేర్పునని చెప్పుట విమర్శ కానేరదు. ఆ కావ్యముననే యామునాచార్యుడు కుమారునకు చేసిన రాజనీతి బోధలో, సరిహద్దు దుర్గముల చెంతనున్న అడవులను పెంపుమనియు, దేశమధ్యమందలి అడవులను నఱకి దొంగల బాధ పోగొట్టుమనియు ఉన్నది. చెఱువులు, కాలువలు త్రవ్వింపుమని చెప్పిన నోటితోనే రాయలు ఈ మాటయు చెప్పించెను. ఆయనకు కాలువ కన్నబిడ్డ. అడవి కోటగోడ, కానిచో దొంగల చావడి. నాటి రాజ్యమునకు అది అక్కఱయే కావచ్చును. ఈ చూపు రాజునకే పరిమితము కాదు. కోవిల్పట్టి చెంతనున్న ఇడైశెవల్‌లో పుట్టిన తెలుగింటి రచయిత కి. రాజనారాయణన్ 1976లో తమిళమున వెలువరించిన గోపల్ల గ్రామము నవల, దక్షిణమునకు వలసవచ్చిన తెలుగువారు అడవిని తీర్చి ఊరు కట్టుకొన్న కథ. రాజు దొంగలకై నఱికించెను, రైతు కూటికై నఱికెను. ఇద్దఱి కాలమునను అడవి అనంతమను నమ్మిక యుండెను. ఆ నమ్మిక నేడు చెల్లదు. కావున అతిథి మర్యాదను రాయలనుండి గ్రహింపవలెను. అడవినిగూర్చిన ఆయన నీతిని ఆయన కాలమునకే విడువవలెను. పూర్వులకు అంతయు తెలియుననువారు ఈ భేదమును గుర్తింపలేదు.

ఆఱవ యాశ్వాసమందలి మాలదాసరి కథతో ఈ విచారణ పూర్తియగును. అతడు వేకువను కురుంగుడి స్వామి సన్నిధికి పోయి మంగళకైశికి పాడి వచ్చుటయే వ్రతముగా గలవాడు. ఒకనాడు దారితప్పి బ్రహ్మరాక్షసునకు చిక్కెను. స్వామికి పాడి తిరిగి వత్తునని మాటయిచ్చి, పోయి, పాడి, మాట తప్పక మఱలివచ్చెను. ఆ యాత్రలో అతడు స్థలమునకు సమర్పించినది పాట. అచ్చటినుండి కొనిపోయినది ఏమియు లేదు. అచ్చట విడిచినది ఏమియు లేదు. యాత్రికునకు లక్షణము చెప్పవలసినచో ఇంతకంటె సంగ్రహముగా చెప్పుట కష్టము.

రాజపాళయము, సాత్తూరు, కోవిల్పట్టి, విరుదునగరు ప్రాంతముల తెలుగువారు శ్రీవిల్లిపుత్తూరునకు ఇరుగుపొరుగువారు. ఆంధ్ర, తెలంగాణములనుండి గోదాదేవిని సేవింప వచ్చువారికి ఒకవిధమున ఆతిథేయులు. యాత్రలు నడుపు తెలుగు సంఘములు పయనమునకు ముందు ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసమును చదివించుట, రద్దీ తిథులను విడిచి తక్కిన దినములను ఎన్నుకొనుట, కొండవాన సూచనలున్నప్పుడు చతురగిరి పయనము మానుకొనుట, తెచ్చిన సంచిని మఱల తీసికొనిపోవుట అను నాలుగు నియమములు పెట్టుకొనవచ్చును. వీనికి ప్రభుత్వము ఆజ్ఞ అక్కఱలేదు, ధనవ్యయమును లేదు. విష్ణుచిత్తుడు సైరింపుడని అతిథులను వేడుకొనెను. నేడు సైరింపుమని ఊరినీ అడవినీ వేడుకొనవలసినవాడు అతిథియే.