కన్చెర్టో చివర చేరిన కరుణ

చెక్ స్వరకర్త ద్వోర్జాక్ అమెరికా ఉద్యోగం అనగానే అందరికీ ‘న్యూ వరల్డ్’ సింఫనీ గుర్తొస్తుంది. నా లెక్కలో ఆ పరదేశవాసానికి అసలు ఫలం బి మైనర్ చెల్లో కన్చెర్టో. సింఫనీలో కొత్త దేశాన్ని కళ్లింత చేసుకుని చూస్తున్న అతిథి ఉన్నాడు. హ్యారీ బర్లీ అనే నల్లజాతి విద్యార్థి ఆయనకు పాడి వినిపించిన పాటల వాసన ఉంది. కన్చెర్టోలో అమెరికా దాదాపు లేదు. న్యూయార్క్‌లో కూర్చుని బొహీమియా వైపు మొహం తిప్పుకున్న మనిషి రాసిన సంగీతం ఇది.

నేషనల్ కన్సర్వేటరీ డైరెక్టరుగా, ఏడాదికి 15,000 డాలర్ల జీతం మీద 1892లో వెళ్లాడు. మరుసటి ఏడు ఆర్థిక సంక్షోభం వచ్చి ఆ జీతం వేళకు అందడం మానేసింది. 1894లో సెలవులు గడిపి తిరిగి వెళ్లినప్పుడు భార్య ఆన్నా, కొడుకు ఒటకార్ మాత్రమే వెంట ఉన్నారు. మిగతా పిల్లలు ఊళ్లోనే ఉండిపోయారు. ఆ నవంబరు 8న మొదలుపెట్టి ఫిబ్రవరి 9కి కన్చెర్టో ముగించాడు.

చెల్లో మీద అంతకుముందు ఆయనకు గురి లేదు. పై స్థాయిలో ముక్కుతో పాడుతుందనీ కింద గొణుగుతుందనీ ఫిర్యాదు. న్యూయార్క్‌లోనే విక్టర్ హెర్బర్ట్ రాసిన రెండో చెల్లో కన్చెర్టో విన్నాక మనసు మారింది. ట్రాంబోన్లు పెట్టుకుని కూడా చెల్లోను ముంచేయకుండా రాయొచ్చని అక్కడ తెలిసింది. తెలిసిన దాన్ని ఎంత సున్నితంగా వాడాడో మొదటి అంకంలోనే వినిపిస్తుంది. ఆరంభంలో క్లారినెట్లు మంద్రంలో, నిబ్బరంగా ఎత్తుకున్న ఇతివృత్తం ఉంది కదా, అదే నడిమధ్యలో చెల్లో చేతికొస్తుంది. అప్పటికి దాని నడక సగానికి సగం తగ్గిపోయింది. తీగవాద్యాలు సన్నగా వణుకుతుంటాయి, పక్కన ఒక ఫ్లూటు తోడు నడుస్తుంది. అంత పెద్ద ఆర్కెస్ట్రాలో పలుకుతున్నవి ఇద్దరి గొంతులే. విన్న ప్రతిసారీ నేను ఊపిరి బిగబడతాను.

ఇక రెండో అంకం. జి మేజర్‌లో గాలివాద్యాలు ప్రశాంతంగా మొదలుపెడతాయి. ఉన్నట్టుండి ఆర్కెస్ట్రా మొత్తం జి మైనర్‌లో విరుచుకుపడుతుంది. ఆ హోరు అణగగానే చెల్లో ఒక పాట అందుకుంటుంది. 1887–88లో ద్వోర్జాక్ తానే రాసిన పాట అది. ఆన్నా అక్క జోసెఫీనాకు ఆ పాటంటే ప్రాణం. 1865లో ప్రాగ్‌లో పియానో పాఠాలు చెబుతూ ద్వోర్జాక్ ప్రేమించింది ఈ జోసెఫీనానే. ఆమె మనసు ఇటు రాలేదు. ఎనిమిదేళ్లకు చెల్లెల్ని పెళ్లాడాడు. ఇప్పుడు సముద్రం ఇవతల ఉండగా ఆమెకు జబ్బు ముదిరిందని కబురొచ్చింది. ఈ వివరాలేవీ తెలియకపోయినా ఆ చోట చెల్లో గొంతు మారడం చెవికి తెలిసిపోతుంది. అప్పటిదాకా విస్తరిస్తూ వచ్చిన రాగం ఒక్కసారిగా ఎవరినో ఉద్దేశించి పలుకుతుంది.

విప్రలంభంలో, అంటే ప్రియుల ఎడబాటులో, ఆశ మిగిలి ఉంటుంది, కరుణ రసంలో ఉండదు. భరతుడు నాట్యశాస్త్రంలో ఈ రెంటినీ వేరు చేసిన గీత ఇది. న్యూయార్క్‌లో పూర్తయిన కన్చెర్టో ఆ గీతకు ఇవతలి రచన. దూరం ఉంది, దిగులు ఉంది, అయినా మనిషి బతికే ఉంది. 1895 ఏప్రిల్‌లో ఆయన అమెరికా వదిలాడు. మే 27న జోసెఫీనా కన్నుమూసింది. జూన్‌లో ద్వోర్జాక్ మూడో అంకం చివరను తిరగరాశాడు. సుమారు అరవై బార్లు కొత్తగా చేరాయి, రచన గీత దాటింది.

మూడో అంకం కవాతు నడకతో ఉత్సాహంగా సాగి, ఇక ముగింపే అనిపించేవేళ మందగిస్తుంది. క్లారినెట్లు మొదటి అంకపు ఇతివృత్తాన్ని తలుచుకుంటాయి. అయితే దానిలో ఇప్పుడు ఆ నిబ్బరం లేదు. ఆర్కెస్ట్రాలోంచి ఒంటరి వయొలిన్ తారస్థాయిలో జోసెఫీనా పాటను అందుకుంటుంది, చెల్లో దాని పక్కనే కదులుతుంది. రెండో అంకంలో తానే పాడిన పాటను ఇప్పుడు ఇంకో గొంతుతో వినవలసి రావడంలోనే కరుణ అంతా ఉంది. ఇంత చేసి ఎక్కడా కన్నీళ్ల ప్రదర్శన లేదు.

కృతి అంకితం పొందిన మిత్రుడు, చెల్లిస్టు హనుష్ విహాన్, సరిగ్గా ఈ అంకంలోనే ఒక కడెంజా ఇరికించాలని పట్టుబట్టాడు. మన కచేరీలో తని ఆవర్తనం లాంటిది కడెంజా. మిగతావాళ్లు ఆగిపోతే ఒక్కడు విద్వత్తు చూపిస్తాడు. ద్వోర్జాక్ కుదరదన్నాడు. ఒక్క మార్పు కూడా ఒప్పుకోవద్దని ప్రచురణకర్త సిమ్‌రాక్‌కు రాశాడు. ఆ మొండితనానికి దండం పెట్టాలి. 1896 మార్చి 19న లండన్‌లో తొలి ప్రదర్శన జరిగింది. విహాన్‌కు బదులు లియో స్టెర్న్ వాయించాడు, ద్వోర్జాక్ నిర్వహించాడు.

చివర్లో చెల్లో సన్నబడి మళ్లీ ఉబికాక ఆర్కెస్ట్రా తుపానులా ముగించడం కొందరికి గిట్టదు. అంత నిశ్శబ్దాన్ని చెడగొట్టాడంటారు. నాకైతే ఆ హోరు ద్వోర్జాక్ నిజాయితీగా తోస్తుంది. నిట్టూర్పు దగ్గరే ఆపేస్తే దుఃఖం అందంగా ఉండేది, అంతే. 1937లో ప్రాగ్‌లో సెల్ నిర్వహణలో చెల్లిస్టు కాసల్స్ చేసిన రికార్డింగ్ వినండి. శబ్దం పాతది, నడకలో తొందర ఉంది. కానీ పాట దగ్గర ఆయన బతిమాలడు, అడుగుతాడు.