అడ్డం వేరు, మట్టం వేరు

గుంటమగ్గం మీద పడుగు నిలువు, పేక అడ్డం అంటాం. నిజానికి రెండు దారాలూ నేలకు సమాంతరంగానే పరుచుకొని ఉంటాయి. నేతలో అడ్డమంటే పడుగును దాటిపోయేది, అంతే. గళ్ళనుడికట్టులో అడ్డమంటే ఎడమ నుంచి కుడికి సాగేది. పత్రికను ఒళ్ళో పెట్టుకున్నా, గోడకు ఆనించినా అది మారదు.

గోడ కట్టే తాపీమేస్త్రికి ఈ అడ్డం చాలదు. అతనికి మట్టం కావాలి. బడిలో 'క్షితిజ సమాంతరం' అని నేర్చుకున్నది ఇదే. దాన్ని తేల్చేది భూమ్యాకర్షణ: దారానికి వేలాడదీసిన గుండు నిలువును చూపిస్తే, ఆ నిలువుకు లంబంగా ఉన్నది మట్టం.

మట్టం చూసే పనిముట్టు రసమట్టం. ఫ్రాన్సుకు చెందిన మెల్కిసెదెక్ తెవెనో 1661 ప్రాంతంలో దీన్ని రూపొందించాడు. అడుగు చదునుగా ఉన్న దిమ్మ, అందులో మూసిన గాజు గొట్టం, గొట్టంలో స్పిరిట్, కాస్త ఖాళీలో బుడగ, గొట్టం మీద రెండు గీతలు. స్పిరిట్ నీటిలా చలికి గడ్డకట్టదు. గాజును బాగా తడుపుతుంది కాబట్టి బుడగ ఎక్కడా పట్టుకోకుండా జారుతుంది.

అసలు నేర్పు గొట్టంలో ఉంది. అది పూర్తిగా తిన్ననిదైతే, ఏ కాస్త వాలుకైనా బుడగ ఒక చివరకు పోయి ఆగిపోతుంది. అందుకే గొట్టం లోపలి పైభాగాన్ని విల్లులా వంచుతారు. బుడగ ఎప్పుడూ ఆ వంపులో అన్నిటికన్నా ఎత్తైన చోట నిలుస్తుంది. సర్వే పరికరాల్లో 20 సెకన్ల కోణానికి, అంటే కిలోమీటరుకు 10 సెంటీమీటర్లు కూడా లేని వాలుకు, బుడగ 2 మిల్లీమీటర్లు జరిగే గొట్టాలుంటాయి. ఆ వంపు సుమారు 20.6 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తంలో ముక్క. 10 సెంటీమీటర్ల పొడవులో దాని నడిమి ఎత్తు 0.06 మిల్లీమీటరు, ఒక వెంట్రుక మందం. మట్టాన్ని చూపేది, కంటికి ఆనని ఈ వంపే.

రసమట్టమే తప్పు చూపిస్తే? మేస్త్రి దాన్ని అదే చోట కుడిఎడమలు తారుమారు చేసి పెడతాడు. బుడగ మళ్ళీ అదే వైపు, అంతే దూరంలో నిలిస్తే పనిముట్టు సరైనదే. లేకపోతే రెండు చూపులకూ ఉన్న తేడాలో సగం పనిముట్టు దోషం. సరిచూడ్డానికి ఇంకో పనిముట్టు అక్కర్లేదు.

దూరం పెరిగితే మట్టంలోనూ రెండు అర్థాలు బయటపడతాయి. నిశ్చలమైన నీరు భూమి గుండ్రదనాన్ని అనుసరిస్తుంది. సర్వే పరికరంలోని దుర్భిణిలోంచి సాగే చూపు తిన్నగా పోతుంది. కిలోమీటరు దూరంలో ఆ చూపు నీటి మట్టానికి దాదాపు 8 సెంటీమీటర్లు పైన ఉంటుంది. అందుకే సర్వేయరు పరికరాన్ని, ఎత్తు తేడా తేల్చాల్సిన రెండు చోట్ల నిలిపిన కొలతకర్రలకు సరిగ్గా నడుమ నిలబెడతాడు. రెండు వైపులా చూపు ఒకే ఎత్తున ఎగబాకుతుంది. ఒక కొలతలోంచి ఇంకోటి తీసేస్తే ఆ తప్పు మాయమై, నేల ఎత్తులో ఉన్న అసలు తేడా మిగులుతుంది.