నలుపుకు నీరాజనం

తెర మీది నలుపా, నీకు నీరాజనం పడుతున్నాను.

హాల్లో దీపాలు ఆరాక, మొదటి బొమ్మ పడేలోపు, అందరికంటే ముందు వచ్చేది నువ్వే. నువ్వు లేకపోతే వెలుగుకు పడే చోటు లేదు, తలుపు వెనక ఎవరున్నారోనన్న గుబులు లేదు. భయం సినిమాకు పుట్టిల్లు నువ్వు.

అయితే నీకు జరిగిన అపచారం చెప్పకుండా నిన్ను పొగిడితే అది స్తోత్రం కాదు, ముఖస్తుతి. నీ రంగుతో పుట్టిన మనుషుల్ని అమెరికా తెర దశాబ్దాలపాటు చీకటితో కలిపేసింది. చీకటికి జడిసినట్టే నల్లవాడికీ జడవాలని నేర్పింది. మాటలతో కాదు, లైటుతో, లెన్సుతో, కత్తెరతో నేర్పింది. అందుకే ఆ పాఠాన్ని చెరపడానికి వచ్చినవాళ్ళూ ఆ లైటునే, ఆ లెన్సునే, ఆ కత్తెరనే పట్టుకోవాల్సి వచ్చింది. వాళ్ళ చేతుల్లో నువ్వు మళ్ళీ పుట్టావు. నేను పాడేది ఆ రెండో పుట్టుకను.

1915లో డి. డబ్ల్యూ. గ్రిఫిత్ ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ తీసినప్పుడు నిన్ను రంగుగా కలిపి తెల్లనటుడి ముఖానికి పూశారు. ఆ పూసిన ముఖం ఒక పిల్లను అడవిలో తరిమింది, ఆ పిల్ల కొండకొమ్ము మీంచి దూకింది. ఆ తర్వాత తెల్ల ముసుగుల జాత్యహంకార ముఠా కు క్లక్స్ క్లాన్ గుర్రాలెక్కింది. ఆపదలో ఉన్నవాళ్ళు ఒకసారి, దూసుకొచ్చే గుర్రాలు ఒకసారి, మళ్ళీ వాళ్ళు, మళ్ళీ గుర్రాలు. ఎడిటింగ్ జోరందుకున్న కొద్దీ చూసేవాడి గుండె ముసుగువాళ్ళ వైపు పరిగెత్తింది. ఆ సినిమా శ్వేతసౌధంలోనూ ఆడింది. దాన్ని హారర్ అని ఎవరూ అనలేదు. కానీ నలుపా, నీ బిడ్డలకు అంతకుమించిన హారర్ ఏముంది?

1932లో ‘వైట్ జాంబీ’ వచ్చింది. జాంబీ అన్న ఊహ హైతీ చెరకు తోటల్లో పుట్టింది. చచ్చినా చాకిరీ తప్పదేమో, శవాన్ని కూడా లేపి గానుగకు కడతారేమో అన్న బానిస గుండెకోత అది. ఆ సినిమాలో చెరకు మిల్లు ఉంది. కళ్ళలో వెలుగులేని మనుషులు ఇరుసును తోస్తూ గుండ్రంగా తిరుగుతుంటారు. ఒకడు తూలి గానుగలో పడిపోతాడు. ఎవరూ ఆగరు. కర్ర కిర్రుమంటూనే ఉంటుంది. ఆ కిర్రులో ఒక జాతి చరిత్ర మొత్తం వినబడుతుంది. సినిమా మాత్రం అది విని పక్కకు తప్పుకుని, ఒక తెల్ల పెళ్ళికూతురు జాంబీ అయిపోతుందేమోనని బెంగపడింది. బానిస భయాన్ని దొంగిలించి, యజమాని భయంగా మార్చి అమ్ముకున్నారు. హారర్ సినిమాను తూచడానికి నా దగ్గరున్న తూకం ఒక్కటే: తెర మీద వణుకుతున్నది ఎవరి భయం?

నిన్ను మోసగించింది కథలే కాదు, రసాయనాలు కూడా. కొడాక్ కంపెనీ ఫోటో ల్యాబులకు ఒక కార్డు పంపేది. దాని మీద ఒక తెల్లమ్మాయి బొమ్మ. మొదటి మోడల్ పేరు షర్లీ కాబట్టి, తర్వాత ఎవరి బొమ్మ వేసినా అది షర్లీ కార్డే. ఆమె ఒంటిరంగు బాగా వచ్చిందంటే ప్రింటు బాగా వచ్చినట్టు. సినిమా రీళ్ళ మొదట్లోనూ, ప్రేక్షకుడి కంట పడకుండా, అలాంటి తెల్లమ్మాయి బొమ్మే కొలతగా ఉండేది. ఆ కొలతలో నల్లటి ముఖానికి కళ్ళూ పళ్ళూ మాత్రమే మిగిలేవి. చెక్కిలి నునుపు, నుదుటి ముడత, పెదవి కొసన వణుకు, అన్నీ మసి. చాక్లెట్ కంపెనీలూ చెక్క సామాను కంపెనీలూ తమ సరుకులో గోధుమరంగు ఛాయలు ఫోటోల్లో తేలడం లేదని ఫిర్యాదు చేశాక గానీ ఫిల్మును సరిదిద్దే పని ఊపందుకోలేదు. నల్లపిల్లల తల్లుల గోడు వినని చెవికి బల్లలమ్మేవాడి గోడు వినబడింది.

అయినా నువ్వు చావలేదు నలుపా. నీలో ఓర్పు ఉంది.

1968లో పిట్స్‌బర్గ్ కుర్రాడు జార్జ్ రొమేరో చేతిలో డబ్బు లేక, నలుపు తెలుపుల్లో, ఎవాన్స్ సిటీ దగ్గరి ఒక పాత ఇంట్లో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ తీశాడు. నెత్తురు కోసం చాక్లెట్ సిరప్ వాడారు. కథానాయకుడు బెన్ నల్లవాడని స్క్రిప్టులో లేదు. ఆడిషన్‌లో అందరికంటే బాగా చేశాడని డ్వేన్ జోన్స్‌ను తీసుకున్నారు. ఆ ఒక్క ఎంపికతో సినిమా అర్థం తల్లకిందులైంది. చచ్చినవాళ్ళు ఇంటిని చుట్టుముట్టిన రాత్రి, తలుపులకు పలకలు కొట్టేది నల్లవాడు, బుద్ధితో ఆలోచించేది నల్లవాడు, తెల్లవాళ్ళకు ఎదురు చెప్పేది నల్లవాడు. కెమెరా అతని వెనక కాదు, అతని వైపు నిలబడింది.

ఆ చివరి నిమిషాల్ని కళ్ళకద్దుకుంటాను. తెల్లవారింది. రాత్రంతా బతికి నిలిచిన బెన్ నేలమాళిగలోంచి పైకొస్తాడు. బయట కుక్కలు, తుపాకులు, సహాయానికి వచ్చిన జనం. కిటికీలోంచి చూస్తాడు. దూరం నుంచి ఒకడు గురిపెట్టి నుదుటి మీద కాలుస్తాడు. అక్కడితో కదిలే బొమ్మ ఆగిపోతుంది. ఇక వచ్చేవి నిశ్చల చిత్రాలు, వార్తాపత్రికలో అచ్చయినట్టు గరుకుగా, చుక్కలు చుక్కలుగా. కొక్కేలు పట్టుకున్న చేతులు. ఈడ్చిన దేహం. కట్టెల కుప్ప. అమెరికా దక్షిణాన నల్లవాళ్ళను మూక కొట్టి చంపి, ఆ ఫోటోల్ని పోస్టుకార్డులుగా అమ్ముకున్న రోజులున్నాయి. ఆ ఫోటోల గరుకుదనమే ఇది. రొమేరో దాన్ని మాటల్లో వివరించలేదు. బొమ్మను ఆపాడు, అంతే. పూర్తయిన ప్రింటును కారులో పెట్టుకుని న్యూయార్క్ వెళ్తుండగా మార్టిన్ లూథర్ కింగ్ హత్య వార్త రేడియోలో విన్నామని తర్వాత చెప్పుకున్నాడు. దెయ్యాలు వదిలిపెట్టిన మనిషిని మనుషులు చంపిన కథ ఆ డబ్బాలో అప్పటికే ఉంది.

ఆ తర్వాత నీ పిల్లలు ఒక్కొక్కరే లేచారు. 1972లో విలియం క్రెయిన్ తీసిన ‘బ్లాక్యులా’లో విలియం మార్షల్ రక్తపిశాచిగా మారినా రాజకుమారుడిలాగే నడిచాడు. 1973లో బిల్ గన్ ‘గంజా అండ్ హెస్’ తీసి, అదే డ్వేన్ జోన్స్ చేతికి చావులేని దాహాన్నిచ్చాడు. 1992లో ‘క్యాండీమ్యాన్’ వచ్చింది. తెల్లింటి పిల్లను ప్రేమించిన నల్ల చిత్రకారుడు, చెయ్యి నరికి తేనె పూసి తేనెటీగలకు వదిలితే చచ్చినవాడు, షికాగోలోని కాబ్రిని-గ్రీన్ బ్లాకుల్లో అద్దంలోంచి వస్తాడు. టోనీ టాడ్ నిజం తేనెటీగల్నే నోట పెట్టుకున్నాడు. సంగీతకర్త ఫిలిప్ గ్లాస్ ఆర్గన్ మోగించి, కోరస్ పాడించి, ఆ పేదల బ్లాకుల్ని చర్చిగా మార్చేశాడు. 2021లో నియా డాకోస్టా అదే కథను మళ్ళీ ఎత్తుకుని, పాత హింసల్ని నెత్తురుతో కాకుండా కాగితపు నీడబొమ్మలతో చూపించింది. గాయాన్ని తమాషాగా మార్చకుండా చూపడం ఎలాగో నలుపా, నీ చేతే చెప్పించింది.

ఇక ‘గెట్ అవుట్’. 2017. జోర్డన్ పీల్ మొదటి సినిమా. 45 లక్షల డాలర్లతో తీసింది 25 కోట్లు దాటింది. ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ గెలిచిన మొదటి నల్లజాతి రచయితగా పీల్‌ను నిలబెట్టింది. ఆ లెక్కలన్నీ ఒక కుర్చీ ముందు చిన్నవి.

అర్ధరాత్రి. తెల్లజాతి ప్రియురాలి ఇల్లు. ఆమె తల్లి టీ కప్పులో వెండి చెంచాతో తిప్పుతోంది. పింగాణీ అంచుకు చెంచా రాసుకునే సన్నని చప్పుడు తప్ప హాల్లో మరేమీ లేదు. ఆ కుర్చీలో కూర్చున్న నల్లజాతి యువకుడు క్రిస్, చిన్నప్పుడు పోయిన తన తల్లి గురించి చెబుతున్నాడు. డేనియల్ కలూయా ముఖం తెరంతా నిండింది. కళ్ళు విచ్చుకుని ఉన్నాయి, రెప్ప పడదు, కన్నీళ్ళు చెంపల మీదుగా జారుతున్నాయి, ఒళ్ళు మాత్రం కదలదు. మసి ముద్దగా వదిలేసిన ముఖం ఇదేనా? ఇక్కడ ప్రతి రంధ్రం కనబడుతోంది, ప్రతి తడి మెరుస్తోంది. అప్పుడు నేల కరిగి అతను కిందికి జారతాడు. నీలోకి, నలుపా. అడుగులేని నీలోకి.

ఆ పడిపోవడాన్ని నల్లటి తెర ముందు కలూయాను తీగలతో వేలాడదీసి తీశారు. బట్టలు నీటిలోలా మెల్లగా అలలెత్తుతాయి. పైన ఎక్కడో టీవీ అంత చిన్న చదరం, అందులో అతని కళ్ళు చూస్తున్న లోకం. నోరు తెరిచి అరుస్తాడు. చప్పుడు రాదు. ఎంత అరిచినా గొంతు నొక్కేసే వ్యవస్థే ఆ చోటని పీల్ చెప్పాడు. నూరేళ్ళు నిన్ను భయానికి ముసుగుగా వాడినవాళ్ళకు ఇది జవాబు. ఇక్కడ నల్లవాడు చీకట్లోంచి వచ్చే భయం కాదు, చీకట్లోకి తోసేసిన మనిషి. చూసేవాళ్ళూ అతనితో పాటు అదే చీకట్లో కూర్చుని ఉన్నారు, అదే చదరాన్ని చూస్తూ, అరవలేక.

పత్తిని చూడండి. కుర్చీకి కట్టేసిన క్రిస్ భయంతో చేతుల కింది తోలును గోళ్ళతో గీకుతాడు, లోపలి పత్తి బయటపడుతుంది. మత్తులో ముంచి వశపరిచే ఆ చెంచా చప్పుడు చెవిన పడకుండా ఆ పత్తినే చెవుల్లో కుక్కుకుంటాడు. తాతముత్తాతల వేళ్ళు పగిలేలా ఏరించిన పత్తి, మనవణ్ణి కాపాడింది. ఒక్క క్లోజప్, ఒక్క డైలాగు లేదు. ఈ సినిమా తీసింది అలబామాలో, ఒకనాటి పత్తి తోటల రాష్ట్రంలో.

చివర రోడ్డు మీద క్రిస్. చుట్టూ శవాలు. దూరం నుంచి ఎరుపూ నీలమూ మిణుకుమంటూ దీపాలు. కథలో అంతసేపూ దెయ్యం లేదు, అయినా ఆ దీపాలకు హాలంతా ఊపిరి బిగబట్టింది. నల్లవాడి మీద ఆ వెలుగు పడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. అతన్ని పోలీసులు పట్టుకెళ్ళే ముగింపును పీల్ ముందు తీశాడు కూడా. తర్వాత మనసు మార్చుకుని, ఆ కారులోంచి స్నేహితుణ్ణి దింపాడు. బెన్‌కు దక్కని ఉదయం క్రిస్‌కు దక్కింది.

పీల్ ‘నోప్’ 2022లో వచ్చింది. 1880లలో ఛాయాచిత్రకారుడు మైబ్రిడ్జ్ తీసిన గుర్రప్పరుగు ఫోటోల్లో ఒకదానిలో గుర్రం పేరు ఆనీ జి. పైన కూర్చున్న నల్లజాతి రౌతు పేరు మిగల్లేదు. పీల్ ఆ రౌతుకు ఒక కల్పిత వంశాన్నిచ్చి, గుర్రాలు పెంచే ఆ వారసుల చేతికే కెమెరా ఇచ్చాడు. ఛాయాగ్రాహకుడు హోయ్టె వాన్ హోయ్టెమా ఆ సినిమాలోని రాత్రుల్ని పట్టపగలు తీశాడు. 65 ఎంఎం ఫిల్ము కెమెరానూ పరారుణ కాంతిని చూసే డిజిటల్ కెమెరానూ జోడించి, రెండూ ఒకే దృశ్యాన్ని చూసేలా అమర్చాడు. పరారుణ కంటికి నీలాకాశం నల్లబడుతుంది. అలా పుట్టిన రాత్రిలో దూరపు కొండలూ కనబడతాయి, నల్లటి ముఖాలూ కనబడతాయి. చూపు ఆనే చీకటి అది.

2025లో ర్యాన్ కూగ్లర్ ‘సిన్నర్స్’ తీశాడు. కథ జరిగేది 1932 మిసిసిప్పీలో. ‘వైట్ జాంబీ’ చెరకు మిల్లు తిరిగిన ఏడాదే అది. ఇక్కడా ఒక మిల్లు ఉంది, పాత రంపపు మిల్లు. కవల అన్నదమ్ములు దాన్ని కొని పాటల కొట్టంగా మార్చారు. కుర్రాడు గిటార్ మీటి బ్లూస్ పాడితే, ఆ పాటకు పూర్వీకులూ రాబోయే తరాలూ ఒకే గచ్చు మీద చిందేస్తారు, కెమెరా వాళ్ళ మధ్య ఈదుతుంది. ఐమాక్స్ ఫిల్ము మీద ఫీచర్ సినిమా తీసిన మొదటి మహిళా ఛాయాగ్రాహకురాలు ఆటమ్ డ్యురాల్డ్ ఆర్కపా పట్టిన వెలుగు అది. గుమ్మం బయట రక్తపిశాచులు పిలుపు కోసం నిలబడ్డారు. వాళ్ళ దాహం నెత్తుటితో తీరేది కాదు, ఆ పాట కావాలి. మిల్లులో మాటలేని శవాలుగా చూపించిన జాతి, మిల్లులోనే గొంతెత్తింది.

నలుపా, మా నేల మీదా నీకు అన్యాయమే జరిగింది. నల్లనయ్యను పొగిడిన నోటితోనే పెళ్ళిచూపుల్లో పిల్ల రంగు తక్కువంటాం. మా తెర మీద కూడా నాయిక తెల్లగా మెరవాలి, రౌడీ వెనక నిలబడేవాడు నీ రంగులో ఉండాలి. కనుక ఈ స్తోత్రం పరాయి ఊరి దేవతకు చేసే మొక్కు కాదు.

కెమెరా పట్టబోయే పిల్లల్లారా, మా హారర్ సినిమాకు మళ్ళీ ప్రాణం పోయబోయేది మీరే. ఫ్రేములో నల్లటి ముఖం ఉంటే లైటును ముందు ఆ ముఖానికి కొలిచి పెట్టండి. చీకటి కావాలంటే నింపండి, కానీ ఆ చీకట్లో ఎవర్ని తోస్తున్నారో తెలిసి నింపండి. మమ్మల్ని గజగజ వణికించండి, రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వకండి. అయితే ఆ వణుకు ఎవరిదో ముందు తేల్చుకోండి. కొట్టేవాడి భయాన్ని తెరకెక్కించి ఇప్పటికే నూరేళ్ళు దాటింది. దెబ్బలు తిన్నవాడి భయం ఇంకా ఎంతో చెప్పాల్సి ఉంది, దానికి సరిపడా నలుపు మీ దగ్గరుంది.