ముందు పని, తరవాతే దయ్యం

రేడియో నాటకంలో జనాన్ని భయపెట్టాలనుకునే కొత్త రచయిత ముందు పిడుగు వేయిస్తాడు, తరవాత కుక్కని ఏడిపిస్తాడు. ఈలోగా శ్రోత లేచి టీ పెట్టుకుంటాడు.

భయం రాయడం ఎలాగని అడిగితే నేను అమెరికా రచయిత విల్లిస్ కూపర్ రేడియో నాటకం ఒకటి వినమంటాను. పేరు ‘ద థింగ్ ఆన్ ద ఫోర్బుల్ బోర్డ్’. 1948 ఆగస్టు 9న అమెరికాలో ‘క్వైట్, ప్లీజ్’ అనే రేడియో శీర్షికలో ప్రసారమైంది. అప్పటికి మన విజయవాడ రేడియో కేంద్రం ఇంకా పుట్టలేదు. అది ఆ డిసెంబరు 1న మొదలైంది.

కథంతా ఒక చమురు రిగ్గు మీద. కొబ్బరితోటల పైన రిగ్గు తల చూస్తూ పెరిగిన రాజోలు, అమలాపురం వాళ్లకి అదేమిటో వేరే చెప్పక్కర్లేదు. ఒకప్పటి రిగ్గు పనివాడు మనల్ని ఇంటికొచ్చిన చుట్టంలా కూర్చోబెట్టి తన పని గురించి చెబుతుంటాడు: పైపుకి పైపు ఎలా బిగిస్తారు, నాలుగు పైపుల ఎత్తున ఉండే పలక మీద, అంటే ఆ ఫోర్బుల్ బోర్డ్ మీద, నిలబడేదెవరు. లోతునుంచి తీసిన రాతిముక్కలో ఉంగరం దొరికేసరికి మనం అతన్ని పూర్తిగా నమ్మేసి ఉంటాం. అందుకే ఉంగరాన్నీ నమ్ముతాం.

ఆ వేషం వేసిన ఎర్నెస్ట్ చాపెల్ గొంతు పెంచడు. మాట మధ్యలో ఆగుతాడు, అంతే. ఇక నాటకం పేరులోని ‘థింగ్’, పలక మీదుండే ప్రాణి, కంటికి కనపడదు, పసిపిల్లలా ఏడుస్తుంది. దాన్ని చూపించాలంటే సినిమావాడికి చచ్చే చావు. రేడియోలో మనుషులే కనపడరు కాబట్టి అదీ వాళ్లలో ఒకటైపోతుంది. 1938 అక్టోబరు 30న ఆర్సన్ వెల్స్ తన రేడియో నాటకంలో అంగారక గ్రహవాసుల్ని భూమ్మీదకి దింపినప్పుడూ ఇదే కిటుకు. అక్కడ వార్తలు చదివే గొంతు, ఇక్కడ పనివాడి గొంతు.

1995 జనవరి 8న అదే అమలాపురం వైపు పాశర్లపూడిలో గ్యాసు బావి అదుపు తప్పి బ్లోఅవుట్ అయింది. రెండు నెలలు దాటి మండింది. దాన్ని నాటకంగా రాస్తే నేను హోరుతో మొదలుపెట్టను. తవ్వేటప్పుడు బావిలోకి పంపే బురద బరువే కింది గ్యాసుని అణిచి ఉంచుతుంది. ఆ బరువు చాలకపోతే గ్యాసు బురదని తోసుకుంటూ పైకొస్తుంది. కబుర్లాడుతూ ఆ బురద చూస్తున్నవాడు సగం మాట దగ్గర ఆగితే చాలు, నాటకం మొదలైనట్టే.

కాబట్టి రాసే కుర్రాళ్లూ, ముందు రిగ్గు మీద పనిచేసిన పెద్దాయన ఎవరి దగ్గరైనా కూర్చుని, ఏ పని తరవాత ఏ పనో వరసగా రాసుకోండి. దయ్యం సంగతి తరవాత చూద్దాం.