జాత్యభిమానము, ఆరోగ్యము

అమెరికా మానసిక వైద్యుడు జొనాథన్ మెట్జ్ల్ 2019లో ప్రకటించిన ‘డయింగ్ ఆఫ్ వైట్‌నెస్’, అనగా ‘తెల్లతనముచేత చచ్చుట’, మన గృహములందు చదువదగిన గ్రంథము. 2010 నాటి ఆరోగ్యచట్టము ననుసరించి బీదల వైద్యసహాయమును విస్తరించుటకు వీలున్నను టెనసీ రాష్ట్రము విస్తరింపలేదు. ఆ సహాయము నల్లవారికిని, వలసవచ్చినవారికిని చేరునని, రోగపీడితులైన బీద తెల్లవారే పలువురు దానిని వలదనిరి. ఇందువలన అచ్చటి తెల్లవారి ఆయువు తలకు సుమారు రెండు వారములు తరిగెనని గ్రంథకర్త అంచనా. సగటులెక్క యొక్కని బాధనైనను చూపజాలదు. రోగుల మాటలే ఈ గ్రంథమునకు ప్రాణము. వారిని మూఢులని హేళన సేయక వినుట గ్రంథకర్త సుగుణము.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములవారము దీనిని పరదేశపు వింతగా చదువరాదు. అచ్చట జాతి చేయుపనిని ఇచ్చట కులము చేయుచున్నది. మరుగుదొడ్డి గుంత నిండినచో దానిని ఎత్తుట ‘అంటరానివారి’ పనియని యెంచి, ఉత్తరదేశపు పల్లెలలో అనేకులు ఆరుబయలే మేలనుకొందురని డయాన్ కాఫీ, డీన్ స్పియర్స్‌లు 2017లో ‘వేర్ ఇండియా గోస్’ అను గ్రంథమున నిరూపించిరి. క్రిములు కులమడుగవు, అగ్రకులపు శిశువునకును అతిసారము తప్పదు. తక్కువవాడని తలచినవానితో సమానుడగుటకంటె వ్యాధియే మేలనుట రెండు దేశముల రోగమును.

మన పెరటి గుంతను ఎవరెత్తవలెనని మన యింటిలోనే అడిగిచూతము. వచ్చు ఉత్తరమే ఈ గ్రంథమునకు మన ప్రాంతపు వ్యాఖ్యానము.