పంచ్, ప్రాస, వంత: హైపర్ ఆది టెలివిజన్ ప్రస్థానం

ప్రదర్శన కళల విమర్శకు కావలసిన పరికరాలను గత పాఠంలో తెలుసుకున్నారు. వాటిని పాత నాటకాలకే వాడాలన్న నియమం ఏమీ లేదు. మీరు భోజనం చేస్తూ చూసే కార్యక్రమానికీ వాడవచ్చు. ఈ పాఠానికి ప్రకాశం జిల్లా చీమకుర్తి మండలం పల్లామల్లి నుంచి వచ్చిన హైపర్ ఆదిని ఎంచుకున్నాం. 'టీవీ హాస్యానికి పాఠమేమిటి?' అని ఇంట్లో ఎవరైనా అడగవచ్చు. బుర్రకథ విషయంలోనూ ఒకప్పుడు ఇదే ప్రశ్న అడిగారని వారికి చెప్పండి.

ఈటీవీలో 'జబర్దస్త్' 2013 ఫిబ్రవరిలో మొదలైంది. ఆది అందులో మొదట అదిరే అభి బృందంలో కనిపించి, తరువాత సొంత బృందానికి నాయకుడయ్యారు. ఆయన స్కిట్‌ను ఒకసారి శబ్దం ఆపేసి చూడండి. వేషం, కదలిక, ముఖాభినయం తక్కువగానే ఉంటాయి. ఎక్కువసేపు నిలబడి మాట్లాడతారు, అంతే. ఇప్పుడు బొమ్మ చూడకుండా శబ్దం మాత్రమే వినండి. స్కిట్ దాదాపు మొత్తం మీకు అందుతుంది. అంటే ఆయన కళ ప్రధానంగా చెవికి సంబంధించినది. నాట్య పోటీ అయిన 'ఢీ'లో కూడా ఆయన పాత్ర నర్తించడం కాదు, నర్తకుల మధ్య మాట్లాడడమే.

ఆ మాట ఎలా తయారవుతుంది? మేము కల్పించిన ఒక ఉదాహరణ చూడండి. గుంటూరు మిర్చి యార్డు నుంచి వచ్చిన రైతు 'ధర బాగుంది' అంటాడు. పక్కవాడు వెంటనే 'ధర బాగుంది సరే, దరిదాపుల్లో కొనేవాడేడి?' అంటాడు. మొదటి మాట మామూలుది. రెండో మాట దాని ధ్వనినే పట్టుకొని అర్థాన్ని తిరగేస్తుంది. దీన్నే ఇవాళ పంచ్ అంటున్నారు. పంచ్‌లో మూడు భాగాలు ఉంటాయి: ఒకరు అందించడం, మరొకరు ప్రాసతో తిప్పడం, వెంటనే నవ్వుకు చోటు వదలడం. ఆది స్కిట్లలో అందించే పని తరచుగా రైజింగ్ రాజుది. ఆయన అమాయకంగా అడగకపోతే ఆది మాట లేవదు. రాజు నటనకు రావలసినంత పేరు రాలేదని ఈ పాఠ రచయిత అభిప్రాయం.

వేగంగా ప్రాస కట్టి మాట్లాడడం చూసి మీకు రాప్ గుర్తుకు రావచ్చు. అది 1970ల్లో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో పుట్టిన హిప్-హాప్‌లో భాగం. తెలుగులో దాన్ని చేసిన నోయెల్ షాన్, రోల్ రైడా కూడా 'బిగ్ బాస్' ద్వారా ఇంటింటికీ తెలిసినవారే. పోలిక బాగానే ఉంది. అయితే మరింత దగ్గరి పోలిక మన నేలలోనే ఉంది.

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో దూదేకుల కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్‌ను తలచుకోండి. పత్తి ఏకడం ఆ కులవృత్తి. అందుకే ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. చిన్నతనంలో స్త్రీ పాత్రలు ధరించి, సంగీతం నేర్చుకుని, ప్రజానాట్యమండలి రోజుల్లో బుర్రకథకు పర్యాయపదమయ్యారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. బుర్రకథకుడు పాడతాడు, నటిస్తాడు, అడుగు వేస్తాడు, వేగంగా వచనం చెబుతాడు. నటుడు, నర్తకుడు, రాపర్ అని మనం ఇవాళ మూడు పేర్లు పెట్టేదంతా అక్కడ ఒక్క మనిషే.

ఇక్కడ లయ ఎవరి చేతిలో ఉందో గమనించండి. నాజర్ లయ ఆయన బొటనవేలి అందెలోను, కాలి గజ్జెలోను ఉంది. రాపర్ లయ యంత్రం నుంచి వస్తుంది. ఆది లయ ఎక్కడుంది? నవ్వులో. పంచ్ పడగానే న్యాయనిర్ణేతల నవ్వు ముఖం తెర మీదకు వస్తుంది. ఆ నవ్వు ఎంతసేపు ఉండాలో ఎడిటింగ్ బల్ల దగ్గర నిర్ణయమవుతుంది. ఊరి మధ్య కథ చెప్పేవాడికి జనం నవ్వకపోతే అక్కడే తెలిసిపోతుంది, మరుక్షణమే దారి మార్చుకుంటాడు. టెలివిజన్ నటుడికి ఆ హెచ్చరిక చేరదు. ఒకే రకం పంచ్ వారం వారం తిరిగి రావడానికి ఇదొక కారణం.

బుర్రకథలో కథకుడికి రెండు వైపులా ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం చెబుతారు. కథ మధ్యలో నడుస్తుంది, హాస్యం పక్కనుంచి తగులుతుంది. ఆది దీన్ని తలకిందులు చేశారు. హాస్యపు వంత మధ్యకు వచ్చాడు, కథ పక్కకు జరిగింది. ఆయన స్కిట్ చూసిన నెల తరువాత మీకు రెండు పంచ్‌లు గుర్తుంటాయి. కథ అడిగితే తడుముకుంటారు. 'మేడ మీద అబ్బాయి' (2017), 'ధమాకా' (2022), 'సార్' (2023) వంటి సినిమాల్లోనూ కథ ఇతరులదే, ఆయనవి మధ్యలో మాటలే.

రాజకీయపు వంత ఏమయ్యాడు? నాజర్ కాలంలో అతడు అదే వేదిక మీద, అదే కథలో ఉన్నాడు. అందుకే మద్రాసులోను, నిజాం రాజ్యంలోను బుర్రకథ మీద నిషేధం వచ్చింది. ఆది రాజకీయం స్కిట్లో కాక జనసేన ప్రచార సభల్లో వినిపిస్తుంది. ఆ ప్రాస, ఆ వేగం అక్కడా ఉన్నాయి. కానీ అక్కడ నవ్వు ప్రత్యర్థి వైపే వెళుతుంది. నాజర్ కూడా ఒక పార్టీ కోసమే పాడారు కదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. తేడా ఏమిటంటే, బుర్రకథ నిర్మాణంలోనే కథకుణ్ణి ఆపి ప్రశ్నించే వంత ఉన్నాడు. సభలో మైకు ముందు ఆది ఒక్కరే.

జబర్దస్త్ హాస్యంలో నాకు బొత్తిగా రుచించనిది స్త్రీ వేషం. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా, చిత్రాంగిగా నటించినప్పుడు ప్రేక్షకులు చూసింది ఆ పాత్రల స్వభావాన్ని, వారి చీరకట్టులోని నేర్పును. మగవాడు ఆడవేషం వేయడమే అక్కడ నవ్వులాట కాదు. నేటి స్కిట్లలో వేషమే నవ్వు, శరీరమే నవ్వు. వేషం వేసిన నటులు పడుతున్న శ్రమ తక్కువేమీ కాదు, కానీ వారికి రాసే మాట వారి మీదే పడుతుంది. ప్రాస మీద ఇంత పట్టు ఉన్న రచయిత ఇంత సులువైన గురిని ఎంచుకోనవసరం లేదు.

అభ్యాసం: ఆది స్కిట్ ఒకటి ఎంచుకోండి. అందులోని పంచ్‌లన్నీ వరుసగా రాసి, ప్రతిదాని పక్కన అది ఎవరి మీద పడిందో గుర్తించండి: తన మీదా, తోటి నటుడి మీదా, స్త్రీ మీదా, బలవంతుడి మీదా? తరువాత మీ ఊళ్లో బుర్రకథ విన్న పెద్దవారిని ఒకరిని కలిసి, హాస్యపు వంత ఎవరిని ఏడిపించేవాడో అడిగి, రెండు జాబితాలనూ రెండు పుటలకు మించకుండా పోల్చండి.